ఎర్బిల్‌లో తివాచీ కొనేముందు కోట ఎక్కండి

ఇరాక్‌లోని కుర్దుల ప్రాంతానికి రాజధాని ఎర్బిల్ వెళ్లాం. మావారికి ఎండ పడదు. అందుకే కోట సాయంత్రం చూద్దాం, ముందు నీడగా ఉన్న ఖైసరీ బజారు అన్నారు. అక్కడే ఒక కొట్టువాడికి దొరికిపోయాం. టీ పోసి, ఇండియా అనగానే అమితాబ్ బచ్చన్ అని, ఎర్ర తివాచీ పరిచాడు. కుర్దిష్ చేతినేత, వందేళ్లది, వాళ్ల అమ్మమ్మ నేసిందట, 400 డాలర్లట! అతనికే నలభై ఉండవు, ఏ అమ్మమ్మ? నేను కాలు తొక్కుతున్నా వినకుండా మావారు 50 డాలర్లు అడ్వాన్స్ ఇచ్చేశారు.

తర్వాత కోట మీద కుర్దిష్ టెక్స్‌టైల్ మ్యూజియానికి వెళ్లాం. ఇద్దరికీ కలిపి పదివేల దినార్లు కూడా కాలేదు, ఆ ఊళ్లో మాకు నిజంగా గిట్టుబాటైంది అదొక్కటే. లోలాన్ సిపాన్ అనే ఆయన 2004లో పాత ఇల్లు ఒకటి బాగు చేయించి పెట్టిన మ్యూజియం అది, కోటకి యునెస్కో గుర్తింపు 2014లో గానీ రాలేదు. కిలిమ్‌లు (ముడులు లేకుండా పలచగా నేసే తివాచీలు), ఉయ్యాలలు, పశువుల మీద వేసే జోడు సంచులు, అన్నీ వాడినవే. జాఫ్ అనే కుర్దిష్ సంచార తెగవాళ్ల సంచుల మీద వంకీలు తిరిగిన డైమండ్ గడుల దగ్గర నేను కదల్లేదు. మందలతో తిరిగే ఆడవాళ్లు సొంత గొర్రెల ఉన్నితో, ఎక్కువగా ఇంటి వాడకానికే నేసుకునేవారు. 1988లో సద్దాం హుస్సేన్ సైన్యం కుర్దుల మీద చేసిన అన్ఫాల్ దాడుల్లో ఊళ్లు నేలమట్టమై, మనుషుల్ని క్యాంపులకి తోలేశాక మందలూ లేవు, ఉన్నీ లేదు, కూతురికి నేర్పే తీరికా లేదు. మిగిలిన కొరత మిషన్ తివాచీలు తీర్చాయి.

అక్కడున్న కుర్రాడు ఒక తివాచీ తిరగేసి చూపించాడు. చేత్తో ముడి వేసినదైతే వెనకవైపు కూడా డిజైన్ స్పష్టంగా, ముడులు కాస్త హెచ్చుతగ్గులుగా కనిపిస్తాయి, చివరి కుచ్చులు పడుగు దారాలే అయ్యుంటాయి. మిషన్‌దానికి చాలాసార్లు కుచ్చులు విడిగా కుట్టేస్తారు. అది వింటుండగానే మావారి మొహం మాడిపోయింది.

తిరిగి కొట్టుకెళ్లి నేనే తిరగేశాను. కుచ్చుల మీద కుట్టుమిషన్ గీత! డబ్బడిగితే అరగంట వాదించి 30 ఇచ్చాడు, మిగతా 20 "బుకింగ్ చార్జీ" అట. పక్క కొట్లవాళ్లు చూస్తూ కూర్చున్నారు తప్ప నోరెత్తలేదు. డాలర్ నోటు చూపించారంటే బేరం అక్కడితో సరి, దినార్లలోనే మాట్లాడండి, అడ్వాన్స్ మాత్రం పైసా ఇవ్వకండి.



చివరికి మరో ముసలాయన దగ్గర జాఫ్ సంచి ముందువైపు ముక్క ఒకటి కొన్నాను. అంచు చిరిగిందని ఆయనే చూపించి 1,10,000 దినార్లు చెప్పి 80,000కి ఇచ్చాడు. మావారు మాత్రం "చిరిగినదానికి ఎనభై వేలా" అని టాక్సీ ఎక్కి, హోటల్ దాకా మళ్లీ మాట్లాడితే ఒట్టు.