పాత సఫారీ వెనక స్ప్రింగుల్లో ఎయిర్ బ్యాగులు: ఏళ్ళ తరబడి వాడిన అనుభవం

మా టాటా సఫారీ డైకార్ 2.2 ఫోర్ బై ఫోర్ వెనక స్ప్రింగుల్లో ఎయిర్ బ్యాగులు వేయించి చాలా ఏళ్ళయింది. హనుమకొండలో ఇల్లు, నర్సంపేట వైపు పొలం. వారంలో ఎక్కువ రోజులు బండిలో నేనొక్కణ్ణే ఉంటాను. మిగతా రోజుల్లో ఇంటిల్లిపాదీ ఎక్కుతారు, లేదంటే సీట్లు మడిచి డీఏపీ బస్తాలో, ఏడాదికి సరిపడా బియ్యమో, రిపేరుకి పోయే సబ్‌మెర్సిబుల్ మోటారో వేసుకుంటాం. ఇలా ఒక రోజు ఖాళీగా, ఒక రోజు నిండుగా తిరిగే బండికి ఈ బ్యాగులు చాలా మంచి మార్గం. ఎప్పుడూ ఒకే బరువుతో నడిచే బండికైతే వీటి మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.

ఇవి ప్రమాదం జరిగినప్పుడు విచ్చుకునే బ్యాగులు కావు. కాయిల్ స్ప్రింగ్ లోపలి ఖాళీలో నిలబెట్టే గట్టి ప్లాస్టిక్ గొట్టాల్లాంటివి. కింద ఒక సన్నని ట్యూబు, దాని చివర టైరుకి ఉండేలాంటి వాల్వ్. గాలి నింపితే స్ప్రింగుకి తోడుగా బరువు మోస్తాయి. స్ప్రింగ్ అణిగేకొద్దీ బ్యాగులో గాలి కూడా నలిగి ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి, ఎంత కుంగితే అంత గట్టిగా ఎదురు నిలుస్తాయి. నా కిట్టు మీద 5 నుంచి 35 పీఎస్‌ఐ (టైర్లలో గాలి ప్రెషర్ కొలిచే లెక్కే) దాకా వాడమని, జత కలిసి సుమారు 450 కిలోల దాకా ఆసరా ఇస్తుందని రాసి ఉంది. అంటే బండి మోయగల బరువు 450 కిలోలు పెరిగినట్టు కాదు. యాక్సిల్, టైర్లు, బ్రేకులు అవే పాతవి. కంపెనీ చెప్పిన మొత్తం బరువు దాటకూడదు. బ్యాగులు చేసేది కుంగిన వెనక భాగాన్ని మళ్ళీ సమానంగా నిలబెట్టడం, అంతే.

సఫారీ వెనక సస్పెన్షన్ ఐదు లింకులతో, కాయిల్ స్ప్రింగులతో ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు అంత హాయిగా నడిచేది అందుకే. అయితే స్టెప్నీ వెనక తలుపుకే వేలాడుతుంది, అది కూడా వెనక బరువే. చివరి సీట్లలో మనుషులు కూర్చుని, వాళ్ళ మధ్య సామాను పడితే వెనక భాగం కూర్చుండిపోతుంది. ముందు భాగం లేస్తుంది, స్టీరింగ్ తేలికవుతుంది. రాత్రి లో బీమ్‌లో వెళ్ళినా ఎదురొచ్చే వాళ్ళు డిప్పర్ కొడుతూనే ఉంటారు. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలి ధన్‌మని చప్పుడు.

దీనికి గట్టి స్ప్రింగులు వేసుకోవచ్చు కదా అని చాలామంది అంటారు. వేసుకోవచ్చు. అప్పుడు లోడున్న రోజు బాగుంటుంది, లోడు లేని రోజు ఎద్దుబండి ఎక్కినట్టు ఉంటుంది. నేను ఒంటరిగా తిరిగే రోజులే ఎక్కువ కాబట్టి అది నాకు నచ్చలేదు.

డబ్బు కట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఖాళీ బండిని చదునైన చోట ఆపి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలవండి, ముందూ వెనకా, రెండు వైపులా. ఖాళీగా ఉన్నప్పుడే వెనక ముందుకంటే దిగిపోయి ఉంటే, లేదా ఒక వైపు కుంగి ఉంటే స్ప్రింగుల పని అయిపోయినట్టే. మొదట ఆ వెనక స్ప్రింగులు మార్చాలి. ప్రాణం పోయిన స్ప్రింగుని గాలితో నిలబెడితే మొత్తం బరువు బ్యాగు మీద పడి అది తొందరగా పోతుంది. షాక్ అబ్జార్బర్లది కూడా ఇదే కథ. బ్యాగు కూడా ఒక స్ప్రింగే, ఊగడాన్ని ఆపే శక్తి దానికి లేదు. ఆ పని షాక్ అబ్జార్బర్లదే. ఆయిల్ కారుతున్న వాటితో బ్యాగులు వేస్తే లోడు బండి పడవలా ఊగుతూ పోతుంది. నేను షాక్ అబ్జార్బర్లు, లింకుల బుష్‌లు (వాటి చివర్లలో ఉండే రబ్బర్లు) ముందు మార్పించి తర్వాతే బ్యాగుల జోలికి వెళ్ళాను. కిట్టుకి, బిగింపుకి కలిపి రెండు కొత్త టైర్ల ధర కాస్త అటూ ఇటుగా అయింది.

బిగించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు తీసి, షాక్ అబ్జార్బర్ కింది బోల్టు విప్పి యాక్సిల్‌ని మెల్లగా కిందికి దించారు. బ్యాగులోని గాలంతా నోటితో పీల్చేసి మూత పెడితే అది చపాతీలా చదునైంది. దాన్ని పొడవునా మడిచి స్ప్రింగ్ చుట్ల సందులోంచి లోపలికి తోశారు. మూత తీయగానే ఉస్సుమని గాలి పీల్చుకుని గుండ్రంగా నిలబడింది. ట్యూబుని కటింగ్ ప్లేయర్‌తో కాకుండా కొత్త బ్లేడుతో అడ్డంగా, వంకర లేకుండా కోయాలి. అంచు నలిగితే జాయింటు దగ్గర గాలి కారుతుంది. చివర్లో సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. సైలెన్సర్ గొట్టం పోయే వైపు మాత్రం ఇంకాస్త జాగ్రత్త అవసరం. ట్యూబు, బ్యాగు ఆ వేడికి కనీసం ఒక జానెడు దూరంలో ఉండాలి.

రెండు బ్యాగుల్నీ ఒక టీ జాయింటుతో కలిపి ఒకే వాల్వ్ పెడతామంటారు. ఒప్పుకోకండి. ఒకే లైనైతే మలుపులో బయటి వైపు బ్యాగు నలిగి దాని గాలి లోపలి వైపు బ్యాగులోకి పోతుంది. బండి ఒరగాల్సిన దానికంటే ఎక్కువ ఒరుగుతుంది. వేర్వేరు లైన్లుంటే మలుపుల్లో ఒరగడం తగ్గుతుంది. సఫారీ అంత ఎత్తున్న బండికి అదే పెద్ద లాభం. ఒక వైపు గాలి పోతే అది ఏ వైపో కూడా వెంటనే తెలుస్తుంది. నా బండికి రెండు వాల్వులూ వెనక బంపర్ కింద, ఇనుప మూతలతో ఉన్నాయి.

ఇక ప్రెషర్. మొత్తం సుఖం, కష్టం ఇక్కడే ఉంది. ఖాళీ బండికి నేను 6 లేదా 7 ఉంచుతాను. 5 కంటే తగ్గితే బ్యాగు మడతపడి స్ప్రింగ్ చుట్ల మధ్య నలుగుతుంది. ఇంటిల్లిపాదీ ఎక్కితే 15, బస్తాలు పడితే 20 నుంచి 22. నా బండికి 25 దాటితే స్పీడ్ బ్రేకర్ మీద వెనక చక్రాలు గెంతుతాయి. బ్యాగులో పట్టే గాలి చాలా తక్కువ కాబట్టి గేజ్ పెట్టి తీసిన ప్రతిసారీ 2 పీఎస్‌ఐ దాకా పోతుంది. అందుకే మొదట్లో ఎప్పుడు చూసినా తక్కువే చూపిస్తుంది, లీకేమోనని టెన్షన్ పడనక్కర్లేదు. కాస్త ఎక్కువ కొట్టి, గేజ్ తీశాక ఎంత మిగులుతుందో దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో కొట్టించడం నాకు భయం. రెండు సెకన్లలో 35 దాటేస్తుంది. సైకిల్ పంపే మంచిది, ఒక్కో వైపు కొన్ని పోట్లతో పని అయిపోతుంది. మన మే నెల ఎండల్లో పొద్దున కొట్టిన 20 మధ్యాహ్నానికి 22 అవుతుంది. అది కూడా లెక్కలో ఉంచుకోవాలి.

అసలు పరీక్ష 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకి వెళ్ళినప్పుడు. సీట్లన్నీ నిండి, పైన అమ్మవార్లకి మొక్కిన నిలువెత్తు బంగారం (అంటే బెల్లం), వంట సామాను. బయల్దేరే ముందు కొలిస్తే ఖాళీ బండి కంటే రెండున్నర అంగుళాలు దిగి ఉంది. 20 పీఎస్‌ఐ కొట్టాక అందులో అంగుళంన్నర పైకి వచ్చింది. మొత్తం పైకి లేపాలని చూడకూడదు, లోడుతో కాస్త దిగి ఉండడమే సహజం. ములుగు దాటాక ఇసుక లారీలతో అరిగిన రోడ్డు, పస్రా నుంచి నార్లాపూర్ మీదుగా బస్సుల వెంబడి నత్తనడక. బంప్ స్టాప్ ఒక్కసారి కూడా తగల్లేదు. మధ్య సీట్లో కూర్చున్న మా బాపు, "ఇయ్యాల గుంతలల్ల నడుముకు తగుల్తలేదు బిడ్డా" అన్నాడు. ఆయనకి బ్యాగుల సంగతి చెప్పనే లేదు.

మట్టి దారుల్లో మాత్రం పద్ధతి వేరు. వానాకాలం పొలం దారిలో, ఏటూరునాగారం దాటి వాజేడు వైపు అడవి బాటల్లో ఒక చక్రం గుంతలోకి దిగాలి, ఇంకోటి గట్టెక్కాలి. బ్యాగులు గట్టిగా ఉంటే ఆ దిగే చక్రం దిగదు, గాల్లో తేలి ఉత్తగా తిరుగుతుంది. కాబట్టి తారు రోడ్డు దిగేముందే లోడు తగ్గించుకుని గాలి 5 లేదా 6కి దించేస్తాను. లోడుతో కఠినమైన ఆఫ్‌రోడ్ చేయాలనుకునే వాళ్ళకి ఇవి సరైనవి కావు. అక్కడ మంచి స్ప్రింగులు, మంచి షాక్ అబ్జార్బర్లే దిక్కు.

ఇన్నేళ్ళలో వచ్చిన ఇబ్బందులు రెండు. బిగించినవాళ్ళు ట్యూబుని ఛాసిస్ అంచు మీదుగా అలాగే లాగి కట్టేశారు. రాపిడికి సన్నని చిల్లు పడి ఎడమ వైపు రాత్రికి రాత్రే దిగిపోయేది. కొత్త ట్యూబు వేసి, దాని మీద కోసిన పాత సైకిల్ ట్యూబు తొడిగి, వదులుగా టై కట్టాక మళ్ళీ ఆ సమస్య రాలేదు. రెండోది నల్లరేగడి. ఆ బురదలో చిన్న రాళ్ళు కలిసి స్ప్రింగుకీ బ్యాగుకీ మధ్య ఇరుక్కుంటాయి. ఎండాక గరుకు కాగితంలా అరగదీస్తాయి. పొలం నుంచి రాగానే పైపుతో స్ప్రింగుల్లోకి నీళ్ళు కొట్టాల్సిందే. కుడి వైపు బ్యాగుకి మడత దగ్గర పగుళ్ళు కనపడగానే జత మొత్తం మార్చాను, విడిగా ఒకటి దొరకదు.

బ్రేకుల గురించి ఎవరూ చెప్పరు, నాకు అన్నిటికంటే ముఖ్యం అదే. ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని పాత బళ్ళలో చాలావాటికి వెనక యాక్సిల్‌కి ఒక కడ్డీతో కలిపిన వాల్వ్ ఉంటుంది. వెనక కుంగితే లోడుందని గుర్తించి వెనక బ్రేకులకి ఎక్కువ ప్రెషర్ పంపుతుంది. బ్యాగులతో వెనక లేపేస్తే బండి ఖాళీగా ఉందనుకుని ప్రెషర్ తగ్గించేస్తుంది. నిండు లోడు ఉన్నప్పుడే వెనక బ్రేకులు బలహీనపడతాయన్నమాట. బండి కిందికి దూరి ఆ కడ్డీ ఉందేమో చూడండి. ఉంటే అవసరానికి మించి ఎత్తకండి, తెలిసిన మెకానిక్‌తో దాన్ని సరిచేయించుకుని ఖాళీ రోడ్డు మీద లోడుతో బ్రేకు కొట్టి చూసుకోండి.

బొలెరో, జిప్సీ ఉన్నవాళ్ళు తమకీ పనికొస్తాయా అని అడుగుతుంటారు. వాటి వెనక ఉండేవి కమాన్ పట్టీలు, కాయిల్ లోపల పెట్టే ఈ గొట్టాలు అక్కడ పట్టవు. వాటికి ఛాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య బ్రాకెట్లతో కూర్చోబెట్టే వేరే రకం బెల్లోస్ (మడతలున్న గాలి తిత్తులు) వస్తాయి. 100 పీఎస్‌ఐ దాకా తట్టుకునే రకాలున్నాయి, ధరా ఎక్కువే. రోజూ బరువు మోసే బొలెరోకైతే ఒక పట్టీ అదనంగా వేయించుకోవడం చవకలో అయిపోతుంది.