కొండ దిగినా చెదరని నలుపు
తిరుపతిలో టాక్సీ నడుపుతాను, తెల్ల కారు. మొదట కొన్న టైరు పాలిష్ జిడ్డుగా ఉండే సిలికాన్ రకం. పూసిన గంటకే అలిపిరి మీదుగా కొండెక్కాను. పైకి చేరేసరికి తలుపుల కింద అంతా నల్లటి చుక్కలు! మర్నాటికి దుమ్ము అతుక్కుని టైర్లు బూడిద గుమ్మడికాయల్లా తయారయ్యాయి.

ఇప్పుడు వాడుతున్నది నీటితో చేసిన రకం, పాలలా ఉంటుంది. అద్దంలా మెరవదు, కొత్త టైరులా నల్లగా కనిపిస్తుంది. నాకు అదే ఇష్టం. ఎండల్లో వారం నిలిచింది, వానల్లో నాలుగు రోజులు.

అయితే ముందు టైరును బాగా కడగాలి. రబ్బరు పగలకుండా అందులో కలిపే రసాయనం పైకి తేలి గోధుమరంగుకు మారుతుంది. నురుగు తెల్లగా వచ్చేదాకా సబ్బు నీళ్లతో, బ్రష్షుతో రుద్దుతాను. పూర్తిగా ఆరాక స్పాంజితో పలుచగా పూసి, ఇరవై నిమిషాలాగి, మిగిలినది గుడ్డతో తుడిచేస్తాను. పక్కలకే సుమా! నేలను తాకే భాగానికి పూస్తే ఘాట్ రోడ్డు వంపుల్లో బ్రేకు వేసినప్పుడు జారే ప్రమాదం ఉంది.

ఒక్కటే చిరాకు, సీసా మూత వదులు. డిక్కీలో సగం ఒలికి, ఒక యాత్రికుడి సంచీ తడిసింది.