ట్రాన్స్‌పోజ్ బటన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నాది 61 కీల మామూలు కీబోర్డు, పిల్లలు నేర్చుకోవడానికి ఇళ్లల్లో కొనే రకం. మల్కాజిగిరి భజనలకీ, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పాత పాటల కార్యక్రమాలకీ దాన్నే మోసుకెళ్తుంటాను. అందులో వందల టోన్లున్నాయి. నా చెయ్యి ఎక్కువగా వెళ్లేది మాత్రం ట్రాన్స్‌పోజ్ బటన్ మీదికే. అవే కీలు నొక్కుతున్నా బయటికి వినిపించే శ్రుతిని పైకో కిందికో జరిపే బటన్ అది.

పాటకో గాయకుడు మారే చోట దీని విలువ తెలుస్తుంది. ఒకాయన ఒకటిన్నర శ్రుతి (సీ షార్ప్) అంటాడు, తర్వాత వచ్చే అక్క ఐదున్నర (జీ షార్ప్) అంటుంది. గజల్ పాడే పాతబస్తీ పెద్దాయన ‘కాలీ చార్’ (నాలుగో నల్ల కీ) అంటాడు, అదీ ఐదున్నరే. నా వేళ్లు మాత్రం సీ దగ్గరే ఉంటాయి. నొక్కుకొక సెమీటోన్ (ఆనుకుని ఉన్న కీ అంత దూరం) చొప్పున పైకి 12, కిందికి 12 వరకు జరుగుతుంది. షడ్జమం (స) ఎక్కడ పెట్టినా రాగం మారదు కాబట్టి మన సంగీతానికి ఇది చక్కగా అతుకుతుంది. మాయామాళవగౌళ రాగం ఏ శ్రుతిలో అడిగినా వేళ్ల కింద అవే కీలు.

ఐదున్నరకి రెండు దారులున్నాయి. ప్లస్ 8 పెడితే వేణువు, వయొలిన్ టోన్లు సన్నబడి కీచుమంటాయి. మైనస్ 4 పెడితే కుడిచేయి నిండుగా పలుకుతుంది కానీ ఎడమచేతి కార్డులు (కలిపి నొక్కే స్వరాలు) గొణుగుతాయి. నేను మైనస్ 4 పెట్టి, ఎడమచేతిని కాస్త పైకి జరుపుకుంటాను. రిథమ్‌లో డ్రమ్స్‌ని ఈ బటన్ ముట్టుకోదు, అది పెద్ద ఊరట. ఫోన్‌లో కరోకే ట్రాక్ శ్రుతి మారిస్తే రికార్డింగ్ మొత్తం జరుగుతుంది. రెండు మెట్లు దాటితే తబలా తబలాలా వినిపించదు.

ఇక ఇబ్బందులు. పక్కన గిటార్ అబ్బాయి నా చేతులు చూసి సీ పట్టుకుంటాడు. నేను ప్లస్ 3లో ఉంటే బయటికి వచ్చేది డీ షార్ప్. అందుకే చేతి కింది పేరు కాకుండా వినిపించే శ్రుతి చెప్పాలి. వేణువాయన శ్రుతికో వేణువు తీయాలి, తబలా మళ్లీ బిగించాలి. బటన్ ఉంది కదా అని ప్రతి పాటకీ శ్రుతి మారిస్తే వాళ్ల ప్రాణం తోడినట్టే.

చివరి చరణంలో శ్రుతి పెంచే పాటలకైతే దీన్ని నమ్ముకోవద్దు. నా దాంట్లో అప్పటికే నొక్కి ఉన్న కీలు పాత శ్రుతిలోనే మోగుతాయి, కొత్తగా నొక్కినవే మారతాయి. స్వరాన్ని మోగిస్తూ ఉంచే పెడల్ కూడా తొక్కి ఉంటే రెండూ కలిసి అపస్వరం. పైగా ఈ బటన్‌ని టెంపో పక్కనే పెట్టారు, ఎవరి తెలివో! అలాంటి చోట చేత్తో మారడమే హాయి. సీ నుంచి డీకి వెళ్లాలంటే ముందు ఒక బార్ (ఒక తాళావృతం) పాటు ఏ సెవెన్ కార్డు పట్టుకుంటే చెవి దానంతటదే సిద్ధపడుతుంది. చేత్తో అన్ని శ్రుతులూ తిరిగితే ఇంకో సరదా ఉంది: నాలుగున్నర శ్రుతిలో (ఎఫ్ షార్ప్) మోహన రాగం స్వరాలు ఐదూ నల్ల కీలే.

కొనేవాళ్లు షాపులోనే ఒక కార్డు నొక్కి పట్టుకుని, ట్రాన్స్‌పోజ్ మార్చి, ఏం వినిపిస్తుందో చూడండి. ఆపి మళ్లీ ఆన్ చేస్తే సున్నాకి వస్తుందో లేదో కూడా చూడండి. నాది వస్తుంది. స్టేజీ మీద నిన్నటి శ్రుతి మిగిలి ఉండదు కాబట్టి నాకదే ఇష్టం.