సొంత బ్లాగులో మన వీక్షణలు ప్రకటనల లెక్కలోకి రాకుండా: యూబ్లాక్ ఆరిజిన్ సమీక్ష

బ్లాగు రాసేవారిలో చాలామందికి, ముఖ్యంగా మొదటి రోజుల్లో, తమ బ్లాగును అందరికంటే ఎక్కువసార్లు తెరిచేది తామే. టపా ప్రచురించాక అచ్చుతప్పు దిద్దినా, బొమ్మ సరిగ్గా అమరిందో లేదో చూసుకున్నా పేజీ మళ్ళీ తెరుచుకుంటుంది, దానితోపాటు ప్రకటన ఒక ఇంప్రెషన్‌గా, అంటే ఒకసారి కనిపించినట్టుగా, నమోదవుతుంది. నా బ్లాగులో ఒక దశలో 100 ఇంప్రెషన్లకు ఒక క్లిక్ కనిపించేది. వాటిలో 40 నావేనని గ్రహించాక, నిజమైన పాఠకుల విషయంలో ఆ నిష్పత్తి 1 శాతం కాదు, దాదాపు 1.67 శాతం అని తేలింది. ప్రకటనలను పేజీలో ఎక్కడ ఉంచాలన్నది అంతవరకూ ఆ తప్పు అంకెను బట్టే నిర్ణయించుకున్నాను.

సొంత పేజీ వీక్షణలను లెక్కించవద్దని చెప్పే సౌకర్యం గూగుల్ వారి బ్లాగు వేదిక బ్లాగర్‌లో ఉంది, సందర్శనలను లెక్కించే గూగుల్ అనలిటిక్స్‌లో మన సొంత సందర్శనలను వదిలేసే అంతర్గత ట్రాఫిక్ ఫిల్టర్ కూడా ఉంది. అయితే అవి సందర్శనల లెక్కను మాత్రమే సరిచేస్తాయి. ప్రకటనల లెక్క వేరే చోట జరుగుతుంది కనుక దానిపై వాటి ప్రభావం ఏమీ ఉండదు.

రేమండ్ హిల్ రూపొందించగా 2014లో వెలువడిన యూబ్లాక్ ఆరిజిన్ బ్రౌజరుకు జోడించుకునే ఉచితమైన, ఓపెన్ సోర్స్ ఎక్స్‌టెన్షన్. ప్రకటనను తెచ్చే స్క్రిప్టు (చిన్న కోడ్) కోసం వెళ్ళే అభ్యర్థనను ఇది బ్రౌజరు దాటకముందే ఆపుతుంది. స్క్రిప్టు రాదు కాబట్టి ప్రకటన రాదు, ఇంప్రెషన్ పుట్టదు. సాధారణంగా ఇది అన్ని సైట్లలోనూ ప్రకటనలను ఆపుతుంది, కానీ నేను ఏమేమి ఆపాలో చెప్పే ఫిల్టర్ల జాబితాలన్నిటికీ టిక్కు తీసేసి, గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ స్క్రిప్టు వచ్చే గూగుల్‌సిండికేషన్ డొమైన్‌ను నా బ్లాగు చిరునామాలో మాత్రమే ఆపమని సొంత ఫిల్టర్ల పేజీలో ఒకే ఒక్క వరుస రాసుకున్నాను. తోటి బ్లాగర్ల ప్రకటనలు నాకు మామూలుగానే కనిపిస్తాయి, వారి ఆదాయానికి నావల్ల గండి పడకూడదన్నది నాకు ముఖ్యం. ఫిల్టరు నిజంగా పనిచేస్తోందా అన్న సందేహం దీని లాగర్ తెరిస్తే తీరిపోతుంది, ఆగిన ప్రతి అభ్యర్థనా అక్కడ కనబడుతుంది.

పరిమితులూ ఉన్నాయి. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల కొత్త నియమావళి అయిన మ్యానిఫెస్ట్ వి3 విధానానికి మారాక పూర్తి రూపం అందులో పనిచేయదు, లైట్ రూపమే మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం కంప్యూటరుపైనా ఆండ్రాయిడ్ ఫోనుపైనా నడుస్తుంది. వాడే ప్రతి పరికరంలోనూ విడిగా అమర్చుకోవాలి, ఒక్క ఫోనును మరిచినా లెక్క మళ్ళీ కలుషితమవుతుంది. పేజీలో ప్రకటన ఎలా కుదిరిందో చూడాలంటే ఎక్స్‌టెన్షన్‌ను కాసేపు ఆపక తప్పదు, ఆ కాసేపటి వీక్షణలు లెక్కలోకి వస్తాయి.

ఇంత శ్రద్ధ అవసరమా అని అడిగేవారికి ఒక మాట చెప్పాలి. ప్రచురణకర్త తానే పుట్టించిన ఇంప్రెషన్లను యాడ్‌సెన్స్ చెల్లని ట్రాఫిక్‌గా పరిగణిస్తుంది. పైగా 2024 నుంచి అది చెల్లింపులను ప్రధానంగా క్లిక్కుల నుంచి ఇంప్రెషన్ల ప్రాతిపదికకు మార్చింది. కాబట్టి మన పేజీని మనమే తెరిచిన ప్రతిసారీ ప్రకటనదారు డబ్బు ప్రమేయం ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో రాసేవారు లాగిన్ అయినవారికి ప్రకటన కోడే పంపకుండా థీమ్‌లో షరతు పెట్టుకోవచ్చు, అప్పుడు ఏ బ్రౌజరైనా ఫరవాలేదు. లాగిన్ అయినవారికి క్యాష్ చేసిన (ముందే దాచి ఉంచిన, ప్రకటనతో కూడిన) పేజీ వెళ్ళకుండా మాత్రం చూసుకోవాలి.