ఇస్తాంబుల్ హమామ్‌లో ఏది దండగ, ఏది పండగ

టర్కీలోని ఇస్తాంబుల్ వెళ్ళొచ్చిన మన వాళ్ళు చాలామంది హమామ్, అంటే అక్కడి వేడి స్నానశాల, మాట ఎత్తగానే మొహం చిట్లిస్తున్నారు. "యాభై యూరోలు పోసి ఒళ్ళు గీకించుకున్నాం" అంటున్నారు. వాళ్ళ కోపంలో న్యాయముంది. పాత నగరంలోని సుల్తానహ్మెత్ చుట్టుపక్కల సందుల్లో, పర్యాటకుల మీదే ఆధారపడి నడిచే కొన్ని స్నానశాలల్లో జరిగేది పట్టపగటి మోసం. మనిషి లోపలికి వెళ్ళిన ఐదు నిమిషాలకే వేడి రాతి అరుగు మీద పడుకోబెట్టి రుద్దడం మొదలుపెడతారు. పది నిమిషాల్లో రుద్దుడు, మరో ఐదు నిమిషాల్లో నురుగు, నాలుగు చెంబుల నీళ్ళు, ఇక లేవమంటారు. ఆ రాతి మీద ఇంకొకరు పడుకోవాలి కదా! ఒళ్ళంతా ఎర్రగా మండుతుంటుంది, మురికి మాత్రం వదలదు.

అసలు స్నానం ఆ రుద్దుడుకి ముందే జరగాలి. వేడి గదిలో ఇరవై నిమిషాలైనా కూర్చుని, పడుకుని, ఒళ్ళు బాగా చెమర్చి, చర్మం నానిన తర్వాతే రుద్దే మిట్టెన్, అంటే చేతికి తొడుక్కునే గరుకు గుడ్డ తొడుగు, పని చేస్తుంది. నానని చర్మం మీద అది గరుకు కాగితంలా గీరుతుంది తప్ప మృతచర్మాన్ని లేపదు. కాబట్టి హమామ్‌ను ఎంచుకునేటప్పుడు గోడల మీద పాలరాయి ఎంత మెరుస్తోందన్నది పక్కన పెట్టండి. అడగాల్సిన ప్రశ్న ఒకటే: "రాతి మీద ఎంతసేపు ఉండనిస్తారు?" సరైన చోట "మీ ఇష్టం" అనో, "పిలిచేదాకా పడుకోండి" అనో అంటారు. "మొత్తం ముప్పై నిమిషాలు" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఆ రాయి ఎందుకంత ముఖ్యమో కట్టడం చూస్తే తెలుస్తుంది. పాత హమామ్‌లో మూడు భాగాలుంటాయి. బట్టలు మార్చుకుని, చివర్లో టీ తాగుతూ కూర్చునే పెద్ద హాలు జామెకాన్. దాటగానే గోరువెచ్చటి గది. ఆ తర్వాత గుమ్మటం కింద వేడి గది, దాని మధ్యలో ఎత్తైన పాలరాతి అరుగు, గోబెక్ తాషి. పక్కనో వెనకో కుల్హాన్ అనే పొయ్యి గది ఉంటుంది. అక్కడి వేడిగాలి, పొగ నేల కింద వదిలిన ఖాళీలోంచి పాకి, గోడల్లో పెట్టిన గొట్టాల గుండా పైకి పోతాయి. వేడి కిందనుంచి రాయిలోకి, రాయిలోంచి వీపులోకి నింపాదిగా ఎక్కుతుంది. గాలి మాత్రం ఉక్కపోత పోసినట్టు ఉంటుంది కానీ ఫిన్లాండ్ సౌనాలా మాడ్చదు. అందుకే అరగంట ఉన్నా తట్టుకోగలం. ఇప్పుడు చాలా చోట్ల కట్టెలు పోయి గ్యాస్ వచ్చింది, కానీ పద్ధతి అదే. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఉన్న హమామ్ చూసినవాళ్ళకు ఆ నడిమి వేదిక తెలిసే ఉంటుంది. కాకపోతే అది రాజకుటుంబీకుల అంత్యస్నానాలకు కట్టిందని చెబుతారు.

ఈ వేడికి అయ్యే ఖర్చు చిన్నది కాదు. నగరంలో కట్టెలు, నీళ్ళు చాలడం లేదని 1768లో సుల్తాన్ మూడో ముస్తఫా ఇక కొత్తగా పెద్ద హమామ్‌లు కట్టకూడదని ఆజ్ఞ వేశాడు. ఇప్పటికీ నష్టం తగ్గించుకోవాలనుకునే యజమాని మొదట కోత పెట్టేది రాతి వేడి మీదే. అరచెయ్యి ఆనించి చూడండి. హాయిగా వేడిగా ఉండాలి. చల్లారిన అరుగు మీద పడుకోబెట్టి, మూల గొట్టంలోంచి బుసబుసా ఆవిరి వదులుతుంటే అది హమామ్ కాదు, స్టీమ్ రూమ్. హోటళ్ళ నేలమాళిగల్లో "టర్కిష్ బాత్" బోర్డు కింద ఎక్కువగా దొరికేది ఇదే.

వెళ్ళే రోజు మన వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అభ్యంగన స్నానం అలవాటున్నవాళ్ళు ముందు నూనె రాసుకుంటే మంచిదనుకుంటారు. సున్నిపిండికి నూనె కావాలి, కెసె అనే ఈ మిట్టెన్‌కు అది పనికిరాదు. ఒంటిమీద కొబ్బరినూనె గానీ బాడీ లోషన్ గానీ ఉంటే కెసె జారిపోతుంది, మృతచర్మం ఒక్క పోగు కూడా లేవదు. ఆ రోజు పొద్దున్నుంచి ఒంటికేమీ రాయొద్దు. వాక్సింగ్, షేవింగ్ ముందురోజే ముగించండి, లేకపోతే సబ్బు తగిలి మండుతుంది. చేతులకు కొత్తగా గోరింటాకు పెట్టుకుని ఉంటే దాని మీద ఆశ వదులుకోవాలి. గొలుసులు, నల్లపూసలు హోటల్ గదిలోనే భద్రంగా పెట్టి రండి. లోహం వేడెక్కి చురుక్కుమంటుంది, పైగా కెసె దారాలు దాన్ని పట్టుకుని లాగుతాయి. భోజనం చేసి రెండు గంటలైనా కావాలి. మరీ ఖాళీ కడుపూ మంచిది కాదు, కళ్ళు తిరుగుతాయి. గర్భిణులు, గుండె జబ్బులున్నవాళ్ళు వెళ్ళకపోవడమే మంచిది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడిగి వెళ్ళండి.

లోపలికి వెళ్ళగానే తాళం చెవి, పెష్తమాల్ అనే పలచటి నూలు తువ్వాలు, చెప్పులు ఇస్తారు. చెక్కతో చేసిన నాలిన్లు ఇస్తే వద్దని రబ్బరు చెప్పులు అడగండి, తడి పాలరాయి మీద ఆ చెక్క నిలవదు. మగవాళ్ళ వైపు పెష్తమాల్ మొదటినుంచి చివరిదాకా నడుముకే ఉండాలి, విప్పడం తప్పు. ఆడవాళ్ళ వైపు పైబట్ట లేకుండా కింది లోదుస్తులతో ఉండటం మామూలే, బికినీ వేసుకున్నా ఎవరూ ఏమీ అనరు. బయటికొచ్చాక కట్టుకోవడానికి పొడి లోదుస్తులు సంచీలో ఉంచుకోండి. సంప్రదాయం ప్రకారం మగవాళ్ళకు తెల్లాక్ అనే మగ పనివాడు, ఆడవాళ్ళకు నాతిర్ అనే ఆడమనిషి రుద్దుతారు. కొన్ని పర్యాటక హమామ్‌లలో ఆడామగా కలిసి ఉంటారు, ఆడవాళ్ళకూ మగవాళ్ళే రుద్దుతారు. అది పాత ఆచారం కాదు, వ్యాపారం. ఇబ్బంది పడేవాళ్ళు బుక్ చేసేటప్పుడే అడిగి తేల్చుకోవాలి. లోపలికెళ్ళాక మొహమాటపడి ఊరుకుంటే ఆ గంటంతా నరకమే.

వేడి గదిలో గోడ పొడుగునా కుర్నాలు ఉంటాయి. పాలరాతి తొట్టెలు, అడుగున కన్నం ఉండదు, నీళ్ళు నిండి పొర్లి పోతుంటాయి. తాస్ అనే లోహపు గిన్నెతో ముంచి పోసుకోవాలి. ఒంటిమీదినుంచి కారిన నీళ్ళు, సబ్బు అందులో పడకూడదు, చేతులు ముంచకూడదు. ఇస్లాంలో శుద్ధి అంటే పారే నీళ్ళతోనే అన్న పట్టింపు నుంచి ఈ పద్ధతి వచ్చింది. పక్కన కూర్చున్న ఊరివాళ్ళు ఈ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా అరుస్తారు. రెండు మూడు సార్లు వేడినీళ్ళు పోసుకుని రాతి మీద పడుకోండి. పది నిమిషాలకోసారి బోర్లా వెల్లకిలా తిరగండి. వేలిచివర్లు ముడతలు పడ్డాయంటే సిద్ధమైనట్టే.

ఇక కెసె. మంచి తెల్లాక్ చెయ్యి మోచేతి దగ్గర మొదలై భుజం దాకా ఒకే ఊపులో సాగుతుంది. చిన్న చిన్న గీతల్లా కొరకదు. మూడో ఊపుకే బూడిదరంగు పోగులు సేమియాలా లేచి రాతి మీద రాలతాయి. ఆ పోగులు కనిపించకపోతే ఒళ్ళు నానలేదని అర్థం, "ఇంకాస్త ఆగుదాం" అని నిర్మొహమాటంగా చెప్పండి. నొప్పి పుడితే "యవాష్" అంటే చాలు, నెమ్మదిస్తారు. మొహం, మెడ ముందుభాగం, మొటిమలున్న వీపు వద్దని చేత్తో చూపించాలి. కెసె ఎవరిది వాళ్ళకు కొత్తది విప్పి ఇవ్వాలి. ఇవ్వకపోతే అడగండి, లేదా ఎమినోను దుకాణాల్లో ఒకటి కొని తీసుకెళ్ళండి, ఖరీదేం కాదు.

తర్వాత నురుగు. దిండు గలీబు లాంటి పలచటి గుడ్డ సంచిని ఆలివ్ నూనె సబ్బు నీళ్ళలో ముంచి, గాలిలో ఒక్క విసురు విసిరి ఉబ్బించి, పైనుంచి కిందికి పిండుతారు. మోకాలెత్తు నురుగు ఒంటిమీద కూర్చుంటుంది, బరువు తెలియదు, వెచ్చదనం మాత్రమే తెలుస్తుంది. ఇంత డబ్బుకూ నూటికి నూరుపాళ్ళు విలువైన ఘడియ ఇదే. ప్రమాదం కూడా ఇక్కడే. సబ్బు మీద పాలరాయి గాజులా జారుతుంది. చప్పట్లు కొట్టినట్టు వీపు తట్టి "తిరుగు" అంటారు, అప్పుడు చేతులు రెండూ ఆనించి నిదానంగా తిరగాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను అరుగు ఎక్కించకుండా కుర్నా పక్కన కూర్చోబెట్టి రుద్దమని అడిగితే కాదనరు. చివర్లో తల కూడా అదే సబ్బుతో రుద్దేస్తారు. పొడుగు జుట్టు చిక్కుపడి గడ్డికట్టలా తయారవుతుంది, మీ షాంపూ మీరు తీసుకెళ్ళి వాళ్ళ చేతికివ్వండి.

చోట్ల విషయానికొస్తే, కట్టడం చూడాలనుకునేవాళ్ళకు ఇస్తాంబుల్‌లో ఒట్టోమన్ సుల్తానుల ప్రధాన వాస్తుశిల్పి మిమార్ సినాన్ చేతి హమామ్‌లు కొన్ని ఉన్నాయి. అయాసోఫ్యా (హగియా సోఫియా)కీ నీలి మసీదుకీ మధ్య ఉన్న హుర్రెమ్ సుల్తాన్ హమామ్ 1556 నాటిది. ఆడవాళ్ళ భాగం, మగవాళ్ళ భాగం వీపు వీపు ఆనించినట్టు ఒకే గీతలో 75 మీటర్లు సాగుతాయి. కొన్నాళ్ళు తివాచీల దుకాణంగా ఉండి, 2011లో మళ్ళీ స్నానాలకు తెరుచుకుంది. ధరలు యూరోల్లోనే, అన్నిటికన్నా ఖరీదైన వాటిలో ఒకటి. చెంబెర్లితాష్ హమామ్ 1584 నాటిది, సుల్తాన్ మూడో మురాద్ తల్లి నూర్‌బాను కట్టించింది, అదే పేరున్న ట్రామ్ స్టాపు ఎదురుగానే. 19వ శతాబ్దంలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆడవాళ్ళ వైపు జామెకాన్ దెబ్బతింది, అందుకే ఫొటోల్లో కనిపించే పాత హాలు మగవాళ్ళ వైపుది. జాలోలు హమామ్ మాత్రం సినాన్ తర్వాతి కాలానిది, 1741లో సుల్తాన్ మొదటి మహ్మూద్ కట్టించినది, దాని రాబడి అయాసోఫ్యాలో ఆయన పెట్టిన గ్రంథాలయానికి పోయేది. అలంకారం ఎక్కువ, జనమూ ఎక్కువే.

నన్నడిగితే తోఫానే పేటలోని కిలిచ్ అలీ పాషా హమామ్‌కు ఓటు వేస్తాను. అదీ సినాన్‌దే, ఆ పేరుగల ఒట్టోమన్ నౌకాదళాధిపతి కోసం 1578-83 మధ్య కట్టాడు. ఏళ్ళ తరబడి మరమ్మతు చేసి 2012లో తెరిచారు. జంట హమామ్ కాదు, ఒకటే గుమ్మటం. కాబట్టి పగలు ఆడవాళ్ళు, సాయంత్రం నుంచి రాత్రిదాకా మగవాళ్ళు. గంటకు ఇంతమందికే అని బుకింగ్ తీసుకుంటారు కాబట్టి రాతి మీద తోపులాట ఉండదు. భార్యాభర్తలు కలిసే ఉండాలనుకుంటే సులేమానియే హమామ్ ఉంది, అక్కడికి జంటలను, కుటుంబాలను కలిపే తీసుకుంటారు, కానీ రుద్దేది మగవాళ్ళే.

డబ్బు సంగతి. పేరున్న పెద్ద హమామ్‌లలో మామూలు ప్యాకేజీయే 80 యూరోలు దాటుతుంది. సందుల్లోవి 40 నుంచి 60. దాని మీద లోపల అమ్మేవి వేరే: నూనె మసాజ్, మట్టి పూత, ఆర్గాన్ నూనె. రాతి మీద కళ్ళు మూసుకుని పడుకున్న మనిషిని "మసాజ్, గుడ్, ఎక్స్‌ట్రా" అని అడుగుతారు. ఆ మత్తులో తలూపితే బిల్లులో 30 యూరోలు కలుస్తాయి. ఏదైనా కావాలంటే కౌంటర్లోనే చెప్పి, కాగితం మీద రాయించుకోండి. లోపల "యోక్" అనండి, అంటే లేదు, వద్దు. హోటల్ రిసెప్షన్ ద్వారా బుక్ చేస్తే వాళ్ళ కమిషన్ మీ నెత్తినే పడుతుంది, నేరుగా వెళ్ళండి. టిప్పు పది నుంచి పదిహేను శాతం, టర్కిష్ లీరాల్లో నగదుగా, రుద్దినవాళ్ళ చేతికే. బయట వరసగా నిలబడి చెయ్యి చాపేవాళ్ళందరికీ ఇవ్వనక్కర్లేదు.

తక్కువలో కావాలంటే జలసంధి అవతల ఆసియా ఒడ్డున ఉన్న ఉస్కుదార్, కదికోయ్ వైపు పేట హమామ్‌లకు వెళ్ళండి. గోడమీద బోర్డులో "గిరిష్" అంటే ప్రవేశం, "కెసె" అంటే రుద్దుడు, "కోపుక్" అంటే నురుగు, వేరు వేరు ధరలు, లీరాల్లో. ధరలు ఏడాదిలో ఎన్నోసార్లు మారుతుంటాయి కాబట్టి పాత లెక్కలు నమ్మొద్దు. ఇంగ్లీషు రాదు, గది పాతది, తువ్వాలు ఉతికి ఉతికి పలచబడింది. కానీ రెండు గంటలు పడుకున్నా లేవమనేవాళ్ళుండరు. నా లెక్కలో అసలు హమామ్ అదే. తలుపుమీద "ఎర్కెక్" అంటే మగవాళ్ళు, "కదిన్" అంటే ఆడవాళ్ళు. కొన్ని చోట్ల ఒకే గది, వారంలో రోజులు పంచుకుంటారు, ముందే అడగండి.

భార్యాభర్తలు విడివిడిగా వెళ్తే బయట కలుసుకునే చోటు, టైము ముందే అనుకోండి. ఫోన్లు లోపలికి రానివ్వరు. ఆడవాళ్ళ వైపు సాధారణంగా ఎక్కువసేపు పడుతుంది, అరగంట ముందే వచ్చిన మనిషి రోడ్డు మీద చలిగాలికి తడితలతో నిలబడి చిరాకుపడితే ఆ సాయంత్రమంతా పాడు. మూడు తువ్వాళ్ళు చుట్టించుకుని జామెకాన్‌లోనే ఇరవై నిమిషాలు కూర్చోండి, టీయో, మజ్జిగ లాంటి ఐరానో తాగండి. వేడికి రక్తనాళాలు వ్యాకోచించి ఉంటాయి, గబుక్కున లేస్తే తల తిరుగుతుంది.

చేతిలో ఇంకో రోజుంటే బుర్సా వెళ్ళండి. ఇస్తాంబుల్ నుంచి ఫెర్రీలో ముదాన్యా చేరి, అక్కడినుంచి బస్సు. అక్కడ పొయ్యితో పని లేదు, భూమిలోంచే వేడినీళ్ళు ఊరతాయి. 1552లో ఒట్టోమన్ మహామంత్రి రుస్తెమ్ పాషా కట్టించిన యెని కప్లిజా అనే స్నానశాలలో గుమ్మటం కింద అరుగు బదులు వేడినీటి కొలనే ఉంటుంది. దిగేముందు ఒళ్ళు కడుక్కోవాలి, పది నిమిషాలకోసారి బయటికొచ్చి చల్లబడాలి. అదే ఊళ్ళో కుకుర్త్‌లు అనే చోట గంధకం నీళ్ళ స్నానాలకు వెళ్ళేవాళ్ళు వెండి మెట్టెలు, పట్టీలు తీసేసి దిగండి, ఆ నీళ్ళకు నల్లబడిపోతాయి.