వ్యాను వెళ్ళిపోయాక ఏం మిగిలింది: బయటి సైన్స్ టీచర్లతో పదకొండేళ్ళు

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా వైపు బడులకి బయటివాళ్ళు వచ్చి సైన్స్ చెప్పడం కొత్త కాదు. జన విజ్ఞాన వేదిక వాళ్ళు చెకుముకి పోటీలతో ఎప్పటినుంచో తిరుగుతున్నారు. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్ కుప్పం దగ్గరే ఉంది కాబట్టి సామాను వ్యానులో వేసుకుని బడికే వచ్చే పద్ధతీ మాకు తెలుసు. నా క్లాసులోకి మాత్రం పదకొండేళ్ళలో రకరకాల వాళ్ళు వచ్చారు. వాళ్ళెవరి పేర్లూ ఇక్కడ రాయను. నేను చెప్పేది ఆ పద్ధతి గురించే.

ముందు నన్ను మార్చిన రోజు గురించి చెప్పాలి. పదో తరగతిలో విద్యుత్ మోటారు పాఠం ఏళ్ళ తరబడి బోర్డు మీద బొమ్మ వేసే చెప్పాను. సగం చుట్టు తిరిగాక కరెంటు దిశ మారాలి, అందుకే కమ్యుటేటర్, అంటే ఆ దిశ మార్చే భాగం, అనేవాణ్ణి. పిల్లలు రాసుకునేవాళ్ళు, పరీక్షలో మార్కులు తెచ్చుకునేవాళ్ళు.

ఆ రోజు వచ్చిన కుర్రాడు బోర్డు వైపే పోలేదు. జట్టుకి ఒక పెన్‌టార్చి బ్యాటరీ, రెండు పిన్నీసులు, ఒక అయస్కాంతం బిళ్ళ, రెండు మూరల రాగి తీగ ఇచ్చాడు. తీగని బ్యాటరీకి పది చుట్లు చుట్టి తీసి, కొసల మీద కరెంటుని అడ్డుకునే ఎనామిల్ పూతని బ్లేడుతో గీకమన్నాడు. ఒక కొస పూర్తిగా, రెండోది ఒక పక్క మాత్రమే అని ఒక్కసారే చెప్పాడు. ఒక అమ్మాయి జట్టు రెండు కొసలూ తళతళలాడేలా గీకేసింది. పిన్నీసుల కన్నాల్లో పెడితే చుట్ట ఇటూ అటూ ఊగింది తప్ప తిరగలేదు. నేను నోరు తెరవబోతే ఆ కుర్రాడు చేత్తో ఆగమన్నాడు. పక్క జట్టు చుట్టని అడిగి తెచ్చుకుని, వెలుతురులో తిప్పి తిప్పి చూసి వాళ్ళే కనుక్కున్నారు. మళ్ళీ కొత్త తీగతో చేస్తే గిర్రున తిరిగింది.

ఆ అమ్మాయి అంతటితో ఊరుకోలేదు. "సార్, మీ బొమ్మలో సగం చుట్టుకి కరెంటు తిరగబడుతుంది కదా, ఇక్కడ ఆగిపోతోంది. మరి ఎలా తిరుగుతోంది?" అని అడిగింది. అన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. కరెంటు లేని ఆ సగం చుట్టు కూడా తీగచుట్ట తన ఊపుకే తిరిగిపోతుందని ఆ కుర్రాడూ నేనూ కలిసి చెప్పాం. నాకు ఇప్పటికీ తలుచుకుంటే సంతోషంగా ఉంటుంది.

మా దగ్గర బోరు మోటార్లు కాలిపోవడం మామూలే, వైండింగ్ షాపులకి కొదవలేదు. మర్నాడు ఒక పిల్లవాడు వాళ్ళ మామ షాపులోంచి తీగ ముక్కలు తెచ్చాడు. అప్పటినుంచి ఆ పాఠానికి వ్యాను కోసం ఎదురుచూడలేదు, నేనే చేయిస్తున్నాను. బయటివాళ్ళు వచ్చివెళ్ళాక మిగలాల్సింది ఇదే. అయస్కాంతం తప్ప అన్నీ ఊళ్ళోనే దొరుకుతాయి.

దీనికి పూర్తిగా ఎదురైనదీ చూశాను. ఒక కంపెనీ తరఫున రోబోల పెట్టెలు తెచ్చారు. అరవైమంది పిల్లలకి ఆరు పెట్టెలు, ప్రోగ్రాము ముందే ఎక్కించి ఉంది, మాటలన్నీ ఇంగ్లీషులో. రోబో గీత వెంట నడిచింది, పిల్లలు చప్పట్లు కొట్టారు, బ్యానరు ముందు ఫోటో అయింది, పెట్టెలు కారెక్కాయి. వారం తర్వాత అది గీతని ఎలా పట్టుకుందని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. పిల్లల తప్పేం లేదు, వాళ్ళ చేతికే ఇవ్వలేదు కదా. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి మాత్రమే గుర్తొచ్చి పిలిచే కార్యక్రమాలూ ఎక్కువగా ఇలాగే ముగుస్తాయి.

బాగా కుదిరిన వాళ్ళలో ఒకటి గమనించాను: పిల్లలు వాళ్ళని సార్ అనరు, అన్నా, అక్కా అంటారు. నా దగ్గర తప్పు చెప్పడానికి భయపడే పిల్లలు వాళ్ళ దగ్గర ధైర్యంగా చెబుతారు. అయితే బల్ల చుట్టూ మగపిల్లలే మూగుతారు, ఆడపిల్లలు వెనకపడతారు. ఒక అక్క రాగానే ఆడపిల్లల జట్లు విడిగా వేసి, సామాను ముందు వాళ్ళకే ఇచ్చేది. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను.

తోటి టీచర్లకి ఒక్క మాట. వాళ్ళు రాగానే ఒక పీరియడ్ కలిసొచ్చిందని స్టాఫ్‌రూముకి వెళ్ళిపోకండి. మొదటి రెండేళ్ళు నేను అదే చేశాను, యాప్‌లో ఎక్కించాల్సిన పని తెమిలేది. ఆ రెండేళ్ళలో ఎవరెవరు ఏం చేయించారో ఒక్కటీ గుర్తు లేదు, మర్నాటి పాఠానికి అతకలేదు కూడా. క్లాసులో ఉంటే ఏ జట్టు ఎక్కడ తడబడిందో కళ్ళారా కనబడుతుంది.

పిలిచే ముందు మూడు విషయాలు అడుగుతాను. జట్టుకి ఎన్ని సెట్లు, ఏ సామాను బడిలో వదిలి వెళ్తారు, మళ్ళీ ఎప్పుడొస్తారు. మూడోదానికి జవాబు లేకపోతే హెచ్‌ఎంకి వద్దనే చెబుతాను. ఒక్క పీరియడ్ చాలదు, రెండు కలిపి ఇప్పించుకోండి. జూలై నుంచి నవంబరు లోపే పిలవండి. మా అక్షాంశంలో ఆగస్టు 18కి అటూ ఇటూగా మధ్యాహ్నం 12.20 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మబ్బు లేకపోతే గ్రౌండులో నిటారుగా పాతిన కర్రకి నీడ ఉండదు, అది చూపించేవాళ్ళని ఆ వారంలోనే రమ్మనండి. డిసెంబరు దాటితే పదో తరగతికి స్పెషల్ క్లాసులు మొదలవుతాయి, ఇక ఆ పిల్లల్ని గంటసేపు కూడా ఎవరూ వదలరు.