ఊరి బడికా, గురుకులానికా: సర్కారు పైసలు ఎటు పోతే మేలు?

మా అక్కగారి ఊరు వరంగల్ జిల్లా వర్ధన్నపేట దాటాక లోపలికి ఉంటుంది. అక్క చిన్నకొడుకు నాలుగో తరగతిలో ఉండగా గురుకులం ఎంట్రెన్స్ రాశాడు, ఐదులో సీటొచ్చింది. వాడి పక్కనే కూర్చుని చదువుకున్న పిల్లవాడికి రాలేదు. స్వీట్లు పంచుతూ ఆ ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం ఆ తల్లి ముఖం చూడలేకపోయానని అక్క తర్వాత చెప్పింది. సర్కారు దగ్గర ఉన్న పైసలు ఊరి బడికి పెట్టాలా, గురుకులానికి పెట్టాలా అని మా బావకూ నాకూ వాదన అప్పటి నుంచే నడుస్తోంది. బావది గురుకులం పక్షం. నాది ఊరి బడి పక్షం. అయినా ఆయన మాటలు తీసిపారేసేవి కావు.

గురుకులం మనకు కొత్త కాదు. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటిది పెట్టారు. మన నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, వంగర నుంచి చదువు కోసం హనుమకొండకు వచ్చిన మనిషి ఆయన. పల్లెటూరి పిల్లవాడికి ఉండను చోటు, తినను తిండి, చదువు చెప్పే సారు ఒకేచోట దొరికితే ఎంత దూరం పోతాడో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బావ వాదన తిండితోనే మొదలవుతుంది. 2024 చివర్లో తెలంగాణ సర్కారు గురుకులాలు, హాస్టళ్ల మెస్ చార్జీలు పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 ఉన్నది 1,330 అయింది, ఎనిమిది నుంచి పది వరకు 1,100 ఉన్నది 1,540 అయింది. అంటే చిన్నపిల్లలకు రోజుకు 44 రూపాయలు. ఊరి ప్రాథమిక బడిలో మధ్యాహ్న భోజనానికి బియ్యం కాక పిల్లకు ఇచ్చేది, 2025 మే నుంచి పెరిగిన రేటు ప్రకారం, 6 రూపాయల 78 పైసలు. అక్కడ మూడు పూటలు, ఇక్కడ ఒక్క పూట అని సర్దుకున్నా తేడా తేడానే. ఆ ఏడు రూపాయల లోపులోనే పప్పు, నూనె, కూరగాయలు, గ్యాస్ అన్నీ రావాలి. వంట చేసే అక్కలు ఎట్లా నెట్టుకొస్తున్నారో వాళ్లకే తెలియాలి.

ఇక కట్టడాల లెక్క. యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ స్కూళ్లు అనే కొత్త గురుకుల క్యాంపస్‌లు 2024 అక్టోబరులో మొదలుపెట్టారు. ఒక్కోదానికి దాదాపు 200 కోట్లు, 20 నుంచి 25 ఎకరాలు, 2,560 మంది పిల్లలు. భాగిస్తే ఒక్క సీటుకు 7 లక్షల 80 వేలు. వినగానే గుండె గుభేలుమంటుంది కానీ, భవనం నలభై ఏళ్లు నిలిస్తే ఏడాదికి ఒక్కో పిల్లవాడిపై 20 వేల లోపే పడుతుంది. హనుమకొండలో ప్రైవేటు బడి ఫీజు కట్టేవాళ్లకు ఇదేం పెద్ద మొత్తం కాదు. బావ ఈ లెక్క చెప్పినప్పుడు నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

ఇంటికొచ్చి నేనూ లెక్కేసుకున్నాను. ఊరి బడికి సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద వచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది లోపుంటే ఏడాదికి 10 వేలు, వంద లోపుంటే 25 వేలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చిన్నాచితకా రిపేర్లు అన్నీ అందులోనే. సర్కారు బడుల బాగు కోసం 2022లో వచ్చిన ‘మన ఊరు–మన బడి’లో 26 వేల బడులకు 7,289 కోట్లు అన్నారు. సగటున బడికి 28 లక్షలు. అంటే ఒక్క క్యాంపస్ ఖర్చుతో ఏడు వందల బడులకు ఆ వాటా వస్తుంది.

ఊరి బడికి నిజంగా కావలసింది మాత్రం గోడలు కాదు, సార్లు. మా అక్కవాళ్ల బడిలో ఐదు తరగతులకు ఇద్దరే ఉండేవారు. అరవై మంది లోపు పిల్లలకు ఇద్దరు చాలని చట్టమే చెబుతోంది కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం. అందులో ఒకరిని డిప్యుటేషన్ మీద ఇంకో బడికి పంపితే మిగిలిన టీచరమ్మ ఒక తరగతికి లెక్కలు ఇచ్చి, ఇంకో తరగతికి అఆలు దిద్దించి, మధ్యలో ఆన్‌లైన్ అటెండెన్స్ వేయాలి. పోస్టులు ఎప్పుడు నింపుతారంటారా? 2017లో ఒక నోటిఫికేషన్, మళ్లీ 2024లో 11,062 పోస్టుల డీఎస్సీ. మధ్యలో ఏడేళ్లు. అంటే ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఊరి బడిలో ఐదూ పూర్తిచేసి వెళ్లిపోయేంత కాలం, ఆ పైన ఇంకో రెండేళ్లు.

ప్రాథమిక బడి సారు (ఎస్జీటీ) మూలవేతనం 31,040తో మొదలవుతుంది. అలవెన్సులన్నీ కలిపి ఏడాదికి ఆరు లక్షలు అనుకుందాం. 200 కోట్లతో 330 మంది సార్లకు పదేళ్ల జీతం ఇవ్వొచ్చు. మరి అట్లా ఎందుకు చేయరు? కట్టడం పెట్టుబడి ఖర్చు, దానికి అప్పు తెచ్చుకోవచ్చు. ఈ స్కూళ్ల అప్పును పరిమితుల నుంచి మినహాయించాలని రాష్ట్రం కేంద్రాన్ని అడుగుతోంది కూడా. జీతం రెవెన్యూ ఖర్చు, ప్రతి ఒకటో తారీకుకూ పన్నుల నుంచే రావాలి. ఆ పన్ను ఎక్కడిదో కాదు. మనం పోయించుకునే పెట్రోలు మీద 35.2 శాతం వ్యాట్, కొన్న జాగా రిజిస్ట్రేషన్, బెల్టుషాపులో తాగిన సీసా. ఊరి బడి మానేసిన వాడి బాబాయి తాగుడు కూడా చదువుకే పోతుందని బావ జోకేస్తాడు. పూర్తిగా జోకు కాదులెండి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు, అందులో విద్యాశాఖకు 23,108 కోట్లు. ఏడున్నర శాతం. అయితే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాల ఖర్చులో పెద్దభాగం సంక్షేమ శాఖల పద్దుల్లో ఉంటుంది. అందుకే ఈ శాతం ఒక్కటే పట్టుకుని అటు వాదించినా ఇటు వాదించినా సగం లెక్కే.

బావ మాటకు నేను పూర్తిగా తలొగ్గేది ఒక్క చోట. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు వానాకాలం వాగు పొంగితే సారు రాడు, పిల్ల పోదు. మిర్చి ఏరడానికి తల్లిదండ్రులు వలస పోతే పిల్లలు కూడా వెంట పోవాల్సిందే. అక్కడ హాస్టలున్న బడే బడి. ఆడపిల్లకు కూడా పైచదువు ఆగకుండా ఉండాలంటే చాలాసార్లు అదే దారి. ఇక చిన్న బడులన్నీ మూసేసి మండల కేంద్రానికి బస్సు పెడదాం అనే మూడో ఆలోచన ఉంది కానీ, ఆరేళ్ల పిల్లను రోడ్డు మీద నిలబెట్టే ఆలోచనకు నేను ఒప్పుకోను.

మైదాన ప్రాంతపు ఊళ్లలో మాత్రం నా ఓటు ఊరి బడికే. కారణం ఒక్కటే. గురుకులం ఐదులో మొదలవుతుంది. ఎంట్రెన్స్ పేపర్ చదివి అర్థం చేసుకోవడం పిల్లవాడు ఊరి బడిలోనే నేర్చుకోవాలి. అక్కడ సారు లేకపోతే సీటు ఎవరికి పోతుంది? నాలుగు వరకు పట్నంలో ప్రైవేటులో చదివించి, ఐదులో గురుకులానికి పంపగలిగిన వాళ్లకు. ప్రతి తరగతికి ఒక సారు ముందు, క్యాంపస్ తర్వాత. కట్టిన క్యాంపస్‌ను ఆపమనడం లేదు, కొత్తదానికి శిలాఫలకం వేసే ముందు ఆ మండలంలో ఎన్ని బడులు ఒక్క సారుతో నడుస్తున్నాయో ఒక కాగితం మీద రాసి చూపించమంటున్నాను.

బావ ఇంకా ఒప్పుకోలేదు. మొన్న దసరా సెలవులకు మేనల్లుడు వచ్చాడు, కాస్త లావయ్యాడు, ఇంగ్లీషు తడబడకుండా చదువుతున్నాడు. సాయంత్రం సీటు రాని తన దోస్తుతో ఆడుకోవడానికి పోయాడు. ఆ పిల్లవాడు ఇప్పుడు అదే బడిలో ఐదో తరగతి. డిప్యుటేషన్ మీద పోయిన సారు తిరిగొచ్చాడా అని అడిగితే, లేదన్నాడు.